తిరగేసి బిగించిన స్టార్టర్

మా జువాలజీ మేడమ్ పోయారు. ఆ కబురు పొద్దున ఏడింటికి కాలేజీ వాట్సాప్ గ్రూపులో వచ్చింది. ‘మన మాజీ గెస్ట్ లెక్చరర్ ఆళ్లగడ్డలో కాలం చేశారు’ అని ఒక్క వాక్యం. దాని కింద పదకొండు దండాల బొమ్మలు. పన్నెండో మెసేజి, ఇంటర్నల్ మార్కులు ఈ రోజే ఎక్కించాలన్న హెచ్చరిక. నంద్యాలలో ఇరవై రెండేళ్లు ఒకే నల్లబల్ల ముందు నిలబడిన మనిషి చివరిదాకా అతిథే. స్టాఫ్ రూములో ఆమెకంటూ ఒక కుర్చీ ఉండేది కాదు. ఎవరు సెలవు పెడితే వాళ్ల కుర్చీలో కూర్చునేవారు.

నేను ఆమె దగ్గర చదువుకున్నాను, తర్వాత అదే కాలేజీలో ఆమె పక్కనే పనిచేశాను. ఆమె గురించి రాయమని నన్నెవరూ అడగలేదు. రాసే అర్హత ఉందో లేదో కూడా తెలియదు. చదివాక మీరే చెప్పండి.

వాళ్లదీ మాదీ ఆళ్లగడ్డే. వాళ్ల నాయన పాత ఇనుప సామాను కొని అమ్మేవారు. మా నాయనది బోరు మోటార్లు బాగుచేసే అంగడి. డిగ్రీ చివరి ఏడాదిలో మేడమ్ మాకు పరాన్నజీవుల పేపరు చెప్పారు. స్టాఫ్ రూములో వెనకాల ఆమెను ‘పరాన్నజీవుల మేడమ్’ అనేవారు. అందులో ఎంత వెటకారం ఉందో ఆమెకు తెలుసు. “అనుకోనీలే మే. ఊరోళ్ల కూడు తిని బతికేది పరాన్నజీవి. నేను నా టిఫిను నేనే తెచ్చుకుంటాండా కదా” అని నవ్వేవారు.

ఆమె అన్నిటికన్నా ఇష్టంగా చెప్పే పాఠం ఆటోఫేజీ. కణం తన సామాను తానే తినే పద్ధతి అది. వాళ్ల నాయన అంగడినే ఉదాహరణగా పెట్టి చెప్పేవారు. కణంలో పాతబడినవి, విరిగినవి ఉంటాయి. వాటి చుట్టూ రెండు పొరల సంచి ఒకటి అల్లుకుని మూతి మూసుకుంటుంది. ఆ సంచి పోయి, కణం అరిగించుకునే చోట కలిసిపోతుంది. లోపలున్నది కరిగి కొత్త భాగాలకు ముడిసరుకవుతుంది. మన ఒంట్లో అయితే కోట్ల కణాలు. అమీబాకు గానీ, మలేరియా క్రిమికి గానీ ఒళ్లంతా ఒకే కణం. “దానికి పక్కిల్లు లేదు. బయట కూడు దొరకనప్పుడు తన సామాను తానే విప్పుకోని తినాల” అనేవారు.

ఆ పాఠం జరిగిన రోజు నేను డోన్‌లో పెళ్లికి పోయి క్లాసు ఎగ్గొట్టాను. స్నేహితురాలి నోట్సులో ‘ఆటోఫేజ్. తిండి లేనప్పుడు దానంతటదే మొదలవుతుంది’ అని ఒక్క ముక్క ఉంది. మోటార్ల అంగడి పిల్లకు ఆటో, ఫేజు అన్న మాటలు కలిసి కనబడితే ఇంకేం తోస్తుంది? మా వైపు చేలల్లో కరెంటు ఎప్పుడొస్తుందో తెలియదు కాబట్టి బోరుకు ఆటో స్టార్టర్ పెట్టుకుంటారు. మూడు ఫేజులూ రాగానే మోటారు దానంతటదే తిరుగుతుంది. ఇంటర్నల్ పరీక్షలో నేను అదే అరపేజీ రాశాను. కణానికి కూడా మూడు ఫేజులుంటాయని వివరంగా రాశాను.

మేడమ్ జవాబు పత్రం నా చేతికిస్తూ, “ఏందిమే ఇది, పరీక్షలో మీ నాయన అంగడి పెట్టినావ్” అన్నారు. క్లాసంతా నవ్వింది. నాకు తల కొట్టేసినట్టయింది. ఆమె నవ్వలేదు. ఆ కాగితం మళ్ళీ తీసుకుని కాసేపు చూసి, సుద్దముక్కతో నల్లబల్ల మీద స్టార్టర్ డబ్బా గీశారు.

“పాప సగం కరెక్టే రాసింది. దీన్ని తిరగేసి బిగించినారనుకోండి. కరెంటు ఉంటే నిదానిస్తాది, పోతే జోరుగా తిరుగుతాది. కణానికి తిండే కరెంటు” అన్నారు.

గడివేముల నుంచీ వెలుగోడు నుంచీ వచ్చే రైతుల పిల్లలు ఆ పూట తలలెత్తి విన్నారు. నాకూ ఆ రోజే అర్థమైంది. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, తర్వాత నేను వేరేలా చెప్పాను. అప్పటి నుంచి ఆమె ఏటా ఆ బొమ్మ వేసేవారు. నా పేరు చెప్పేవారు కాదు, ‘ఒక పాప నాకు నేర్పింది’ అనేవారు.

ఆటోఫేజీ అంటే కణం ఆత్మహత్య అని ఎవరైనా రాస్తే మాత్రం ఊరుకునేవారు కాదు. ఎర్ర గీత కాగితం చినిగేంత గట్టిగా పడేది. “తినడం వేరు, సావడం వేరు. బతకాలనే కదా అది తింటాండేది” అనేవారు. కాలా అజార్ జ్వరం తెచ్చే పరాన్నజీవిని ఉదాహరణగా చూపించేవారు. ఇసుక ఈగ కడుపులో ఉన్నంతకాలం అది పొడుగ్గా, తోకతో ఈదుతుంది. మన కణాల్లోకి వచ్చాక గుండ్రంగా మారుతుంది, తోక బయటికి కనబడదు. పాత సామాను విప్పి సంచుల్లో వేస్తేనే ఆ రూపం కుదురుతుంది. ఆ పని ఆపేస్తే మార్పు సరిగా జరగదు.

మలేరియా క్రిమి దగ్గరికి వచ్చేసరికి గొంతు తగ్గించేవారు. మిగతా కణాలకున్న ఆటోఫేజీ పనిముట్లలో చాలా దానికి లేవు. ఉన్నవాటిలో ఒక ముఖ్యమైన ప్రోటీను పని చూస్తే సంచి కట్టడం కాదు. ఎప్పుడో దాని పూర్వీకుల్లో చేరిన నాచు తాలూకు ముక్క ఒకటి ఆ క్రిమిలో మిగిలి ఉంది. ఆ ముక్కను నిలబెట్టి, పిల్ల కణాలకు అందేలా చూడటమే ఆ ప్రోటీను పని. “యాడనుంచో వచ్చిందాన్ని గూడ అంత బాగా చూసుకుంటాండాది. క్రిమి మే అది” అనేవారు. అప్పట్లో అది పాఠమే అనుకున్నాను.

తర్వాత కాలేజీలో తెలుగు మీడియం పోయింది. ఎమ్మెస్సీ చేసి నేనూ గెస్టుగా చేరాను. మూడో ఏడాది కాలేజీకి గ్రేడు ఇవ్వడానికి బయటి నుంచి కమిటీ వచ్చి మేడమ్ క్లాసులో వెనక బెంచీ మీద కూర్చుంది. సగం తెలుగులో పాఠం, నల్లబల్ల మీద స్టార్టర్ బొమ్మ. వాళ్లలో ఒకాయన, జువాలజీలో మోటారు ఎందుకని నవ్వాడట.

మధ్యాహ్నం నన్ను ప్రిన్సిపాల్ గదికి పిలిచారు. “మీరు ఆమె స్టూడెంటే కదా. నిజం చెప్పండి, ఆ బొమ్మతో మీకు సబ్జెక్టు అర్థమైందా?” అని ఆ నవ్విన పెద్దమనిషే అడిగాడు. పరాన్నజీవుల పేపరుకు ఒక్కరే ఉంటారని, రెండో గెస్టును జూన్‌లో పిలవరని అప్పటికే నా చెవిలో వేశారు.

“లేదు సార్. ఎమ్మెస్సీలో ఇంగ్లీషులో చదివాకే అర్థమైంది” అన్నాను.

వారంలో ఆ పేపరు నాకిచ్చారు. మేడమ్‌ను మొదటి ఏడాది ప్రాక్టికల్స్‌లో స్లైడ్లు కడిగించే పనికి వేశారు. జూన్‌లో ఆమెకు పిలుపు రాలేదు. కారణం ఎవరూ చెప్పలేదు, ఆమె అడగలేదు. ఆమె పాఠం పోయింది నా మాట వల్లనే. కమిటీని తిట్టుకుంటే కాస్త తేలికగా ఉంటుందని చాలాసార్లు తిట్టుకున్నాను. ఉండదు.

కిడ్నీలు పాడయ్యాయని విన్నప్పుడు రెండుసార్లు చూడబోయాను. రెండుసార్లూ క్లాసుల సంగతి మాట్లాడి వచ్చాను.

మొన్న మట్టి చేయడానికి మగవాళ్లు తీసుకుపోయాక ఆడవాళ్లం ఇంట్లో కూర్చున్నాం. మేడమ్‌ను ఆపా అని పిలిచే చెల్లెలు నా పక్కకు వచ్చింది. ఆపుకోలేక చెప్పేశాను, కమిటీ ముందు నేనేమన్నానో.

ఆమె నా వైపు చూడకుండానే అంది. “తెలుసులేమ్మా. ఆ పొద్దు ఆపా ఆ రూము బయట బల్ల మీదనే కూచోనుండె. తలుపు తీసే ఉండెనంట.”

“నన్ను ఏమన్నా అన్నారా?”

“ఆ పిల్లకు ఉద్యోగం భయం, ఏం చేస్తాది పాపం, అనె. ఆ పొద్దు అన్నం మాత్రం తినలేదు.”

కమిటీ వచ్చిన మర్నాటి ఉదయం నాకు బాగా గుర్తుంది. బస్సు ఆళ్లగడ్డ స్టాండులో కిక్కిరిసి ఉంది. మేడమ్ ముందే ఎక్కి, పక్కన కిటికీ సీటులో తన చేతిసంచి పెట్టి నా కోసం ఆపారు. ఎవరో కూర్చోబోతే, “మా పాప వస్తాండాది” అంటున్నారు. నేను రాగానే సంచి తీసి ఒళ్లో పెట్టుకున్నారు. టిఫిన్ తిన్నావా అని అడిగారు. ఆ పేపరు నాకిస్తారని ఆమెకు నాకన్నా ముందే తెలిసినట్టుంది. “ఆటోఫేజీ కాడ నిదానంగా పో మే. రెండు పొరలని రెండుసార్లు చెప్పు, పిల్లోళ్లు ఆడనే తప్పుతారు” అన్నారు. నంద్యాల వచ్చేదాకా ఆ సంచి ఆమె ఒళ్లోనే ఉంది. నేను కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను.