అచ్చులో పడ్డ చుక్క

1938లో తాడేపల్లిగూడెంలో ఒక మిషన్ బడిలో టీచరుగా కొత్తగా చేరాను. మా నాన్నగారు ఏలూరులో కాసులపేర్లకు కాసులు అచ్చువేసే కంసాలి.

ఒకరోజు మా బడి నడిపే కెనడా దొరసానిగారు తమ దేశపు వెండి నాణెం పిల్లలకు చూపించమని నాకిచ్చారు. సాయంత్రం తిరిగి ఇస్తుంటే, హెడ్మాస్టరుగారు అందుకుని చూశారు.

"సంవత్సరం అంకె కింద ఈ చుక్కేమిటండీ? కంసాలివారమ్మాయి కదా, అసలు వెండేనా అని సూదితో పొడిచి చూసినట్టుంది!"

తోటి టీచర్లంతా నన్నే చూశారు. సిగ్గుతో తల దించుకున్నాను. ఉద్యోగం పోయిందనే అనుకున్నాను. అంతలోనే ఒళ్లు మండింది.

"వేలితో తడిమి చూడండి. పొడిస్తే గుంట పడాలి కదండీ? ఇది పైకి లేచి ఉంది. అంటే గుంట అచ్చులో ఉందన్నమాట. ఆ అచ్చుతో కొట్టిన ప్రతి నాణేనికీ ఈ చుక్క ఉంటుందండీ!"

దొరసానిగారు తన సంచీలోంచి అదే సంవత్సరపు నాణేలు మూడు తీశారు. రెండింటికి చుక్క లేదు. మూడోదానికి, సరిగ్గా అక్కడే, ఉంది!

"ఇన్నాళ్లూ నేనే చూసుకోలేదండీ" అన్నారావిడ నవ్వుతూ.

మర్నాటి నుంచి హెడ్మాస్టరుగారు నన్ను కంసాలివారమ్మాయి అనడం మానేశారు. కంసాలివారమ్మాయినని అందరికీ గొప్పగా చెప్పుకోవడం నేనే మొదలుపెట్టాను.