దర్జీగారి నాలుక

మా వీధి చివరి దర్జీని అందరూ నోట్లో నాలుక లేని మనిషి అనేవారు. పని చేస్తున్నంతసేపూ ఆయన పెదవుల మధ్య గుండుసూదులుండేవి. కొలతలు తీసుకుంటూ "ఊఁ" అన్నాడంటే చేతులెత్తమని, "ఊహూఁ" అన్నాడంటే పొట్ట లోపలికి లాక్కోవద్దని. ఇంటికెళ్ళాక సూదులు లేకపోయినా మాట్లాడే సందు దొరికేది కాదు. భార్య బస్సు కండక్టరు. రోజంతా జనాన్ని ముందుకు జరగమని అరిచిన ఊపు ఇంట్లోనూ తగ్గేది కాదు.

దర్జీ అక్కకు ఈ మరదలంటే పడదు. ఎదురుపడినప్పుడల్లా "మూరెడు నాలుక" అనేది. ఆ మాట కండక్టరమ్మకు ముల్లులా గుచ్చుకుంది.

ఒకరోజు దంతవైద్య కళాశాల డాక్టరమ్మ తెల్లకోటు కుట్టించుకోవడానికి వచ్చింది. నోట్లో మెత్తగా ఉండే నాలుక, బుగ్గలు, అంగిలి, చిగుళ్ళను ఎమ్మారై యంత్రంతో కొలుస్తున్నామని, ఆరోగ్యంగా ఉన్నవాళ్ళెవరైనా వస్తే మేలని మాటల్లో చెప్పింది. క్యారేజీ ఇవ్వడానికొచ్చిన కండక్టరమ్మ అక్కడే నిలబడిపోయింది.

"నాలుక ఎంతుందో బొమ్మ తీసి ఇస్తారా?"

ఇస్తామంది డాక్టరమ్మ. మర్నాడే కండక్టరమ్మ మొగుణ్ణి వెంటబెట్టుకుని ఆ కళాశాలకు వెళ్ళింది.

గాజులు, చెవిపోగులు, జడపిన్నులు తీయించి, ముఖం మీద చట్రం బిగించి, భయమేస్తే నొక్కమని చేతికి రబ్బరు బుడ్డి ఇచ్చి ఆమెను యంత్రంలోకి పంపారు. లోపల దడదడ మొదలైంది. ఆమె బుడ్డి నొక్కింది. భయమేసిందేమోనని ఆపితే, ఇది గేరుబాక్సు పోయిన చప్పుడని, మెకానిక్కుకి చూపించుకోమని సలహా ఇచ్చింది. మళ్ళీ మొదలుపెట్టినా ఆ చప్పుడుతో లోలోపల వాదిస్తూనే ఉంది.

"కదిలితే బొమ్మ చెదిరిపోతుందమ్మా," అంది డాక్టరమ్మ కంప్యూటరు తెర చూపిస్తూ. "చూడండి, మీకు మూడు నాలుకలొచ్చాయి."

"మా వదినకు మాత్రం ఇది చూపించకండి," అంది కండక్టరమ్మ.

కదలకుండా ఎలా పడుకోవాలో ఆమెకు తెలిసొచ్చేలా దర్జీని పడుకోమన్నారు. ఆయన కాలరులో, చేతి మడతల్లో, చొక్కా అంచుల్లో సూదులే సూదులు. అన్నీ ఏరి పక్కన పెట్టించారు. ఎప్పుడైనా మింగారా అంటే తల అడ్డంగా ఊపాడు. నమ్మకం చాలక ఎక్స్‌రే తీసి మరీ లోపలికి పంపారు. ఇస్త్రీ చేసిన గుడ్డలా పడుకున్నాడు.

కండక్టరమ్మకు రోషం వచ్చి మళ్ళీ ఎక్కింది. ఈసారి దర్జీ ఆమె కాళ్ళ దగ్గర నిలబడ్డాడు. మాట పుట్టేముందు ఆమె బొటనవేలు కదులుతుందని ఇన్నేళ్ళ కాపురంలో కనిపెట్టాడు. వేలు కదలబోయినప్పుడల్లా మెల్లగా నొక్కాడు. బొమ్మ శుభ్రంగా వచ్చింది.

కొన్నాళ్ళకు ఫలితం తెలిసింది. కొలిచిన వాళ్ళందరిలోకీ పెద్ద నాలుక దర్జీది. కండక్టరమ్మది చిన్నవాటిలో ఒకటి. నాలుక సైజుకూ మాటలకూ సంబంధం లేదని డాక్టరమ్మ చెప్పింది కానీ, ఆ ఒక్క ముక్కా ఇంట్లో ఎవరికీ ఎక్కలేదు.

కండక్టరమ్మ బొమ్మ పట్టుకుని నేరుగా వదినగారింటికి వెళ్ళింది. వదిన కళ్ళద్దాలు పెట్టుకుని తీరిగ్గా చూసింది.

"ఇంత చిన్నదానితోనే ఇన్ని మాటలా? ఇంకాస్త ఉంటే మేం బతికేవాళ్ళమా?"

దర్జీ మాత్రం తన బొమ్మను కొట్లో గోడకు తగిలించుకున్నాడు. నోటినిండా దిండులా పరుచుకున్న నాలుక. దాన్ని చూసినప్పుడల్లా ఆయన భుజాలు కాస్త నిటారుగా అయ్యేవి. ఒక ఉదయం పాత ఖాతాదారు ఒకాయన వచ్చి, ఉతికితే ప్యాంటు కుంచించుకుపోయిందన్నాడు. ఎప్పుడూ ఆ మాటే. దర్జీ ఎప్పుడూ కిమ్మనకుండా నడుము వదులు చేసిచ్చేవాడు. ఆ రోజు సూదులు తీసి పక్కన పెట్టాడు.

"ప్యాంటు కుంచించుకోలేదండీ. మీరు పెరిగారు."

ఖాతాదారు స్టూలు మీద కూలబడ్డాడు. అంతే, కట్ట తెగింది. ఈ రంగు మీకు నప్పదని ఒకరికి, పెళ్ళికొడుకు కంటే మీరే ఎక్కువ తయారవుతున్నారని ఇంకొకరికి మొహం మీదే చెప్పేశాడు. కొందరు అలిగి వెళ్ళిపోయారు. అంతకంటే ఎక్కువమంది, ఏమంటాడో విందామని గుడ్డ పట్టుకుని వచ్చారు. సెలవు రోజుల్లో కండక్టరమ్మ కొట్టు బయట బెంచీ మీద కూర్చుని, ఆయన నోరే అంతగానీ మనసు వెన్నని అలిగినవాళ్ళను బుజ్జగించేది.

ఒకనాడు అక్కగారు జాకెట్టు గుడ్డ తెచ్చింది. కొలతలు పాతవే వేయమంది.

"అక్కా, అవి నీ పెళ్ళినాటివి," అన్నాడు తమ్ముడు టేపు విప్పుతూ.

ఆవిడ విసురుగా బయటికొచ్చి మరదలి పక్కన కూలబడింది. వీడితో ఎలా వేగుతున్నావే అంది. కండక్టరమ్మ కాస్త జరిగి చోటిచ్చింది. కొట్టు మూసేదాకా ఇద్దరూ ఆయన్ను ఆడిపోసుకుంటూనే ఉన్నారు.