తువ్వాల కింద బేరం

కొత్తపేటలో మట్టయ్య కాక దుకాణమేదని అడిగితే ఇప్పుడెవరూ చెప్పలేరు. రిమోట్లు బాగుచేసే చోటేదని అడగాలి. ఆ మాట వింటేనే నాకు ఒళ్లు మండుతుంది. పాతికేళ్ల కిందట సొంతంగా వీడియో గేము తయారుచేసిన మనిషిని పట్టుకుని రిమోట్లాయన అంటారా?

నా పేరు అమల. ఆయన దుకాణానికి ఎదురుగా ఉన్న జిరాక్స్ సెంటర్ నాది. ఆ గేము ఆడుతూ పెరిగిన గల్లీ పిల్లల్లో నేనొకదాన్ని కాబట్టి ఆయన గురించి చెప్పే హక్కు నాకుందనుకుంటాను.

కాకది నల్లగొండ వైపు బత్తాయి తోటల ఊరు. ఇరవై ఏళ్లకే దిల్‌సుఖ్‌నగర్ వచ్చి టీవీ మెకానిక్ అయ్యాడు. అదే ఊరి జానయ్య అప్పట్లో కొత్తపేట పండ్ల మార్కెట్లో ఏజెంటు దగ్గర బేరాలు కుదిర్చేవాడు. పెద్ద బేరాలు నోటితో జరిగేవి కావు. అమ్మేవాడూ కొనేవాడూ చేతులు కలిపితే పైన తువ్వాల కప్పేవారు. లోపల ఒక వేలు పట్టుకుంటే వంద, గుప్పిటంతా పట్టుకుంటే ఐదు వందలు. చుట్టూ ఉన్నవాళ్లకు మొహాలు తప్ప ఏమీ కనిపించేవి కావు. జానయ్య మొహం చూసి ధర పసిగట్టేవాడు ఇంకా పుట్టలేదనేవాడు కాక.

ఆ తువ్వాల బేరాన్నే కాక గేము చేశాడు. దిల్‌సుఖ్‌నగర్‌లో కంప్యూటర్ పాఠాలు చెప్పే శ్రీరామమూర్తి గారు సాయం చేశారు. ఆయనది గుంటూరు. "మీరు పెట్టె తయారు చేయండి మట్టయ్యగారూ, దాని బుర్ర సంగతి నేను చూసుకుంటాను" అన్నారట. టీవీకి తగిలించే నల్ల డబ్బా, దానికి రెండు వైర్లు, ఒక్కో వైరు చివర ఒక మీట. అంతే. టీవీలో బత్తాయిల కుప్ప కనిపిస్తుంది. ఒకరు అమ్మాలి, ఒకరు కొనాలి. మీట ఎన్నిసార్లు నొక్కితే ధర అన్ని వందలు. మూడు దఫాల్లోపు ఇద్దరి ధరా కలిస్తే ఇద్దరూ గెలిచినట్టు. కలవకపోతే కుప్ప కుళ్లిపోతుంది, ఇద్దరూ ఓడినట్టే. పక్కవాళ్ల వేలు చూసి నొక్కితే ఇక ఆటేముంది? అందుకని చేతుల మీద తువ్వాల కప్పుకోవాలి. డబ్బాతో పాటు గళ్ల తువ్వాల ఇవ్వనిదే కాక అమ్మేవాడు కాదు.

కర్మన్‌ఘాట్ దాకా ఎన్నో ఇళ్లలో ఆ డబ్బా ఉండేది. కానీ అసలు ఆట చూడాలంటే దుకాణానికే రావాలి. సాయంత్రం మార్కెట్ అయ్యాక జానయ్య సంచి నిండా బత్తాయిలు తెచ్చేవాడు. వాళ్లిద్దరూ మోచేతులు ఆనించుకుని కూర్చునేవారు. మేం తొనలు నములుతూ, గింజలు ఒకరి మీద ఒకరు ఊసుకుంటూ చూసేవాళ్లం. రెండో దఫాలోనే ఇద్దరి ధరా కలిసిపోయేది. ఎట్లా కలిసేదో మాకు అంతు చిక్కేది కాదు. ఆ సాయంత్రాలు ఎంత బాగుండేవో!

తర్వాత ఏముంది, అందరి చేతుల్లోకీ ఫోన్లొచ్చాయి, డబ్బాలు అటకెక్కాయి. రెండు వేల ఇరవై ఒకటిలో మార్కెట్ కొత్తపేట నుంచి లేచిపోయింది. దానితో పాటే జానయ్య బాటసింగారం వెళ్లాడు. ఆపైన షుగర్ ఆయన కళ్లు తినేసింది. కాక ఒకసారి డబ్బా సంచిలో పెట్టుకుని ఎల్బీనగర్‌లో బస్సెక్కి వెళ్లాడు. సంచి విప్పకుండానే తిరిగొచ్చాడు. "టీవీ ఆనని మనిషితోని ఏం ఆడాలె బిడ్డా" అన్నాడు. మళ్లీ వెళ్లలేదు. ఫోన్ చేస్తే "మందులేసుకుంటున్నవా?" అనడం, అటు నుంచి "ఆఁ" అనడం, అంతటితో సరి. వాళ్లకు మాటలతో పనెప్పుడు పడింది గనుక? ముప్పై ఏళ్ల స్నేహమూ తువ్వాల కిందే నడిచింది.

కిందటేడు కాక కూతురు జ్యోతిక ఒక ఆదివారం దుకాణానికి వచ్చింది. మాదాపూర్‌లో ఫోన్ గేములు చేసే కంపెనీలో పని తనకి.

"నాయినా, టీవీ ముంగట ఎవలు కూసుంటున్రు? నీ గేమ్ ఫోన్ల పెడదాం. మా సార్ గూడ మంచిగుందన్నడు" అంటూ తను చేసిన నమూనా చూపించింది.

అందులో మనం అమ్మాలి, ఫోనే కొంటుంది. ఇద్దరి ధరలూ పైనే కనిపిస్తుంటాయి. కాక మూడుసార్లు ఆడాడు, మూడుసార్లూ గెలిచాడు. ఫోన్ తీసి కౌంటర్ మీద పెట్టేశాడు.

"ఏమైంది? గెలిచినవ్ గదా?" అంది జ్యోతిక.

"ఎవలతోని గెలిచిన? అవుతల మనిషే లేడు. ధర గూడ అందరికి కనవడేటట్టు పెట్టినవ్. గిది బేరమా, బాలాపూర్ లడ్డూ వేలంపాటనా?"

నాకు కోపమొచ్చింది. "కాకా, ఆ డబ్బా ఎలుకల పాలైతాంది. ఫోన్ల పెడితే నలుగురు ఆడుకుంటరు. గింత మొండితనం ఎందుకు?" అన్నాను.

"పక్కపక్కకు కూసుండాలె అమలా. మోచెయ్యి మోచెయ్యి తగలాలె. గది లేకపోతే నా గేమే గాదు."

అప్పుడే జ్యోతికకు ఎవరో ఫోన్ చేశారు. సౌండు లేదు, వణుకే. ఫోన్ అద్దాల కౌంటర్ మీద జరుగుతుంటే కింద పడుతుందని కాక అరచెయ్యి అడ్డం పెట్టాడు. వణుకు ఆగినా చెయ్యి తీయలేదు.

"గిది ఎన్నిసార్లు వణకమంటే అన్నిసార్లు వణుకుతదా?"

"ఆఁ, వణుకుతది."

"నేను ఈడ రెండుసార్లు నొక్కితే, ఇంకోల్ల చేతుల రెండుసార్లు?"

నా బుర్రకు ఎక్కడానికి కొంత టైం పట్టింది. జ్యోతికకు వెంటనే అర్థమైంది. "జానయ్య పెదనాయినకా?" అంది మెల్లగా.

ఒక్కరే ఆడుకునే వీలు లేకపోతే ఫోన్‌లో ఎవరూ దింపుకోరన్నాడు కంపెనీ సారు. రెండో మనిషి రానిదే నా గేము మొదలు కావద్దన్నాడు కాక. ఇద్దరూ మెట్టు దిగలేదు. కుప్ప కుళ్లిపోయినట్టే. జ్యోతికే ఆదివారాలు కూర్చుని సొంతంగా చేసింది. దానిలో బొమ్మల్లేవు, అంకెల్లేవు. తెర మీద ఎక్కడ తట్టినా ఒకటే, ఎన్నిసార్లు తడితే అవతలి ఫోన్ అన్నిసార్లు వణుకుతుంది. ధర కలిస్తే రెండు ఫోన్లూ పొడుగ్గా వణుకుతాయి.

బాటసింగారం నేనూ వెళ్లాను, దుకాణం మూసి మరీ. జానయ్య భార్య యాదలక్ష్మి మంచం వాల్చింది. కాక ఆయన చేతిలో ఒక ఫోన్ పెట్టి, తనొకటి పట్టుకుని, ఇద్దరి చేతుల మీదా పాత గళ్ల తువ్వాల కప్పాడు. మొదటి దఫా కలవలేదు. జానయ్య మొహంలో ఏమీ లేదు. ఆ మొహమే! నాకు మళ్లీ పదేళ్ల వయసొచ్చినట్టయింది. రెండో దఫాకు తువ్వాల కింద పొడుగ్గా బుర్రుమంది.

"గింత అగ్గువకు ఇచ్చినవేందిరా, పిచ్చోడా!" అన్నాడు జానయ్య. ఇద్దరూ దగ్గొచ్చేదాకా నవ్వారు. కాక కళ్లు తుడుచుకున్నాడు. నేనూ తుడుచుకున్నాను, దాచేదేముంది?

ఆ గేము లోకమంతటిలో ఆ రెండు ఫోన్లలోనే ఉంది. రోజూ పదకొండింటికి కాక రిమోట్లు పక్కకు నెట్టి, ఫోన్ పట్టిన చేతి మీద తువ్వాల కప్పుకుని కూర్చుంటాడు. వచ్చినవాళ్లు చేతికి దెబ్బ తగిలిందేమో అనుకుంటారు. మొన్న ఊరుకోలేక అడిగాను.

"కాకా, పెదనాయిన ఆడెక్కడో ఉన్నడు. కండ్లు గూడ కనవడవు. నీ వేలు ఎవలు చూస్తరని కప్పుకుంటున్నవ్?"

"కండ్లు కనవడనాయన ఆడ రోజు తువ్వాల అడిగి మరీ కప్పుకుంటడట, యాదలక్ష్మి చెప్పింది" అన్నాడు కాక. "నేనెట్ల తీస్త బిడ్డా?"

అంతలో తువ్వాల కింద ఫోన్ మూడుసార్లు వణికింది. కాక మొహంలో ఏమీ కనిపించనివ్వలేదు.