ఎగ్జిబిషన్ మ్యాచ్

చిన్నప్పుడు నేనెక్కే స్కూలు బస్సులో ఆయా మా చిన్నమ్మే... దోహాలో ఎండ ముదరకముందే, అల్ దోహా అల్ జదీదాలోని మా సందు చివర బస్సు ఆగేది. "యల్లా, యల్లా! జల్ది ఎక్కుండ్రి! కిటికీల చేతులు పెట్టకుండ్రి!" అంటూ పిల్లల్ని లెక్కపెట్టుకునేది. వెనక సీట్లోంచి ఎవరైనా నీళ్ళ సీసా విసిరితే ఒంటిచేత్తో పట్టేసేది...

కరీంనగర్ దగ్గర స్పోర్ట్స్ హాస్టల్లో పదో తరగతి దాకా బాస్కెట్‌బాల్ ఆడిన చేతులు అవి. ఊళ్ళో వాళ్ళు మాత్రం "స్వరూప దుబాయ్‌ల పిల్లల బస్సు మీద పని చేస్తది" అనేవారు. ఖతార్ అని ఎంత చెప్పినా వాళ్ళకు దుబాయే!

చమురు ధర పెరుగుతున్న రోజులు. మేం సెలవులకు వెళ్ళొచ్చేసరికి వెస్ట్ బేలో ఇంకో రెండు టవర్లు లేచి ఉండేవి. ఏది అడిగినా పెద్దవాళ్ళు "అదీ వస్తుంది" అనేవారు. అలాగే ఒకరోజు ఆడవాళ్ళ బాస్కెట్‌బాల్ లీగ్ కూడా వచ్చింది...

కబురు తెచ్చింది ప్రభాకర్ అంకుల్. నాన్న స్నేహితుడు, హైదరాబాద్ మనిషి. ఆటల పోటీలు జరిపించే కంపెనీలో పని. నాలుగు జట్లు, శుక్రవారం శుక్రవారం ఆట, లీగ్‌లోకి తీసుకున్నవాళ్ళకు నెల జీతం, కొత్త వీసా. "ఇగ ఆడుడే నీ డ్యూటీ చెల్లె. ప్రొఫెషనల్!" అన్నాడు.

ప్రొఫెషనల్... ఆ మాటను నేను పిప్పరమెంటు బిళ్ళలా చాలా రోజులు చప్పరించాను.

చిక్కల్లా ఒకటే. ప్రాక్టీసు మధ్యాహ్నం, బస్సు డ్యూటీ కూడా మధ్యాహ్నమే. డ్యూటీ వదిలితే వీసా పోతుంది. ఆ తర్వాత లీగ్ వాళ్ళు వీసా ఇవ్వకపోతే చిన్నమ్మ తిరిగి ఊరికి పోవాల్సిందే...

అంకుల్ తెచ్చిన కాగితం ఇంగ్లీషులో ఉంది. చిన్నమ్మ చదివింది తెలుగు మీడియం. కాగితం నా ముందు పెట్టింది. "నువ్వు సదివి చెప్పు బిడ్డా, సంతకం పెట్టాల్నా?"

నేను గొంతు సవరించుకుని చదివాను. ఈ సీజన్‌లో జరిగేవన్నీ 'ఎగ్జిబిషన్ మ్యాచ్'లని రాసి ఉంది. ఆ ముందటి చలికాలమే నాన్న నన్ను నాంపల్లి ఎగ్జిబిషన్‌కు తీసుకెళ్ళారు. లైట్లు, మిర్చి బజ్జీలు, నాన్న భుజమెక్కితే తప్ప ఏమీ కనిపించనంత జనం... ఇంకేం కావాలి?

"నాంపల్లిల పెడ్తరు గదా చిన్నమ్మా, గసొంటిది! అంత మంది వస్తరు నీ ఆటకు!"

పక్కనే షాహీన్ ఆంటీ కూర్చుని ఉంది. నిజామాబాద్ ఆమె, చిన్నమ్మ జట్టులోనే ఆడబోతోంది. "ఐతే జెయింట్ వీల్‌ల పైసీటు నాదే, ఇప్పుడే చెప్తున్నా!" అంది.

చిన్నమ్మ అంకుల్ వైపు చూసింది. "గంతేనా అన్నా?"

అంకుల్ టీ గ్లాసు కింద పెట్టి నవ్వాడు. "పిల్ల మస్తు హుషారున్నదే! గంతే చెల్లె... జెయింట్ వీల్ ఒక్కటే తక్కువ." నా తల నిమిరాడు. చిన్నమ్మ సంతకం పెట్టింది. ఆ వారమే బస్సు దిగిపోయింది...

సీజన్ నడిచిన రెండు నెలలూ మా ఇంట్లో దండెం మీద ఎప్పుడూ ఏడో నంబరు జెర్సీ ఆరుతూ ఉండేది. స్కోరు షీటు రాసే పని నాది. ఆట మొదట్లో హాలు ఖాళీగా ఉండేది, చివరికొచ్చేసరికి నిండేది. చిన్నమ్మ ఆట చూడ్డానికే వస్తున్నారనుకున్నాను. తర్వాత మగవాళ్ళ మ్యాచ్ ఉంటుందని తెలుసు గానీ... ఆ రెండూ కలిపి చూడలేదు.

ఆఖరి మ్యాచ్‌కు ముందు గురువారం. స్కూల్ గోడపత్రికకు చిన్నమ్మ గురించి రాస్తున్నాను. ఎగ్జిబిషన్ స్పెల్లింగ్‌లో 'హెచ్' ఎక్కడొస్తుందో అనుమానమొచ్చి లైబ్రరీలో డిక్షనరీ తీశాను. మొదటి అర్థం నా నాంపల్లే. దాని కిందే ఎగ్జిబిషన్ మ్యాచ్ అని విడిగా ఉంది... గెలిచినా ఓడినా లెక్కలోకి రాని ఆట.

వేలు అక్కడే పెట్టి మూడుసార్లు చదివాను. అదే మాట... అర్థం వేరే.

ఇంటికెళ్ళి చెప్పాను. చిన్నమ్మ జెర్సీ కుట్టు ఊడితే వేసుకుంటోంది. సూది ఆగిపోయింది. "అంటే... దోస్తీ మ్యాచా? హాస్టల్ల దోస్తీ మ్యాచ్ గెలిస్తే మా సారు నోటుబుక్కుల గూడ రాయకపోతుండె..."

మర్నాడు హాల్లో అంకుల్‌ను నిలదీసింది. "అన్నా, నీకు ముందుగాలనే ఎరుకనా?"

"మొగోళ్ళ మ్యాచ్ షురూ అయ్యేదాంక జనం కూసోవాలె గదా చెల్లె. ఆడోళ్ళ లీగ్ ఇప్పట్ల మాఫీ, లేనట్టే. నేనేం దాసిపెట్టలే, కాగితంల రాసే ఉన్నది. మీ పిల్లనే సదివింది గదా!"

నా చెవులు వేడెక్కిపోయాయి...

"సదివింది పదేండ్ల పిల్ల," అంది చిన్నమ్మ. "నవ్వింది నువ్వు."

షాహీన్ ఆంటీ మెల్లగా అడిగింది. "ఆడుతవానే?"

"బూట్లు కట్టుకున్న గదా..."

చిన్నమ్మ వాళ్ళు మూడు పాయింట్లతో గెలిచారు. ఆఖరి బాస్కెట్ చిన్నమ్మదే. స్కోరు షీటు పట్టుకుని టేబుల్ దగ్గర నిలబడ్డాను. తీసుకోవడానికి ఎవరూ చెయ్యి చాపలేదు. బోర్డు మీది అంకెలు సున్నాలయ్యాయి, మగవాళ్ళ జట్లు లోపలికొచ్చాయి... జనం అప్పుడు లేచి చప్పట్లు కొట్టారు.

లీగే లేదు గనక కొత్త వీసా రాలేదు, బస్సు కంపెనీ మళ్ళీ తీసుకోలేదు. కొన్ని వారాలకే చిన్నమ్మ ముల్లె కట్టుకుని వెళ్ళిపోయింది. ఇప్పుడు ఊరి బడిలో పిల్లలకు బాస్కెట్‌బాల్ నేర్పుతోంది. ఈ రోజుకీ నన్ను ఒక్క మాట అనలేదు.

ఎక్కడెక్కడి ఆడవాళ్ళ లీగుల గురించో ఇప్పుడు చదువుతుంటాను. మొదటి ఆట, మొదటి బాస్కెట్, వేసిన మనిషి పేరు... అన్నీ రాసి ఉంటాయి. మా లీగ్‌కు ఉన్నది నా డిగ్రీ పుస్తకాల మధ్య పెన్సిల్ గీతలు చెరిగిపోతున్న ఆ ఒక్క షీటే.

ఇప్పుడు ఫోన్‌లో వేలు పెడితే చాలు, ఏ మాటకైనా అర్థాలన్నీ వచ్చేస్తాయి. అప్పుడు మాకు పెద్దవాళ్ళ మొహాలే డిక్షనరీ... మీరూ చిన్నప్పుడు ఏదో ఒక మాటకు తప్పు అర్థం చెప్పే ఉంటారు. ఆ మాటేంటో కింద రాయండి. పక్కనున్న పెద్దవాళ్ళు దిద్దారా... నవ్వి ఊరుకున్నారా... అది కూడా రాయండి.