దారం లేని మిషను

మొన్న సైకిల్ చెయినుకి నూనె వేస్తుంటే, ఆ వాసనకి లండన్ వెంబ్లీలోని సుశీల ఆంటీ గుర్తొచ్చింది. నాకప్పుడు ఏడేళ్ళు. స్కూలయ్యాక, అమ్మ హాస్పిటల్ డ్యూటీ నుంచి వచ్చేదాకా ఆవిడ ఫ్లాట్‌లోనే ఉండేదాన్ని. అంకుల్ పోయాక ఆవిడ ఒక్కతే ఉండేది.

ఆవిడ దగ్గర వాళ్ళమ్మ వాడిన చేతి కుట్టుమిషను ఉండేది. కాకినాడ నుంచి వచ్చేటప్పుడు చీరలు వదిలేసి మరీ దాన్ని తెచ్చుకుందట. రోజూ దానికి నూనె వేసి, తుడిచి, కిటికీ పక్కన కూర్చుని చక్రం తిప్పేది. ఒకరోజు దగ్గరికెళ్ళి చూస్తే సూదిలో దారం లేదు, కింద బట్టా లేదు.

"ఆంటీ, దేర్ ఈజ్ నో థ్రెడ్!" అన్నాను.

"కుట్టడానికేముందమ్మా? ఊరికే, చప్పుడు కోసం," అంది.

పాపం, ఆంటీకి బట్టలు లేవనుకున్నాను. మర్నాడు స్కూల్లో నా స్కర్టు అంచు కావాలనే చింపుకుని వెళ్ళాను. చూసి ఆవిడ తిట్టలేదు. వెతికి వెతికి అదే రంగు దారం ఎక్కించి, ఐదు నిమిషాల పనిని అమ్మ వచ్చేదాకా కుట్టింది.

వెళ్ళేటప్పుడు నా చెవిలో, "రేపు కూడా ఏదైనా చింపుకుని రామ్మా," అంది.

జోకనుకుని నవ్వేశాను. మర్నాడు ఏమీ చింపుకోలేదు. ఆవిడ నిజంగానే అడిగిందని ఇప్పుడు తెలుస్తోంది.