పిన్‌బాల్ స్పీకర్ లైట్లలో మూడో రకం

నేను పిన్‌బాల్ యంత్రాన్ని ఇప్పటివరకు కళ్లతో చూడలేదు. జహీరాబాద్‌లో ఎవరింట్లోనైనా ఉంటే వాళ్లు నాకు చెప్పలేదు. అయినా ఆ యంత్రం స్పీకర్ల చుట్టూ విడిగా కొని బిగించుకునే రంగు లైట్లలో ఏది మేలో అమెరికా వాళ్లకు తేల్చి చెప్పింది నేనే.

పాప పుట్టాక కాలేజీలో పాఠాలు చెప్పడం మానేసి, ఇంటి నుంచి చేసే రాత పనిలో చేరాను. ఒక వెబ్‌సైట్‌కు వస్తువులను పోల్చి ఇంగ్లిష్‌లో వ్యాసాలు రాయాలి. అక్కడ నా పేరు ఉండదు. నా బదులు తెల్లగడ్డం తాతగారి ఫోటో ఉంటుంది. ఆయన ఇంటి నేలమాళిగలో నలభై పిన్‌బాల్ యంత్రాలు ఉన్నాయట. అంతకుముందు నెలలో అదే తాతగారు పసిపిల్లల డైపర్లను పోల్చారు. ఆయన అనుభవానికి అంతు లేదు.

ఏటవాలు బల్ల, దానిపై అద్దం, అద్దం కింద దొర్లే ఇనుప గుండు, గుండును పైకి తన్నే మీటలు: వీడియోలు చూసి ఇంతవరకు నేర్చుకున్నాను. బల్ల అవతలి చివర నిలువుగా ఉండే బొమ్మ పలక కింద రెండు స్పీకర్లు ఉంటాయి. వాటి చుట్టూ లైట్లు లేకపోతే ఆట ఎంత దిగులుగా ఉంటుందో నాలుగు పేరాలు రాశాను. అలాంటి నాలుగు లైట్ల సెట్లను, అంటే కిట్లను, పోల్చాను. మొదటిది మందంగా ఉందన్నాను, ఫోటో పెద్దది కాబట్టి. రెండోది బిగించడం తేలికన్నాను, వైర్లు కనిపించలేదు కాబట్టి. నాలుగోది పాతబడిందన్నాను, ఎవరో ఒకరు ఓడిపోవాలి కాబట్టి. మూడోదాని నీలిరంగు నాకు నచ్చింది. "పిల్లలున్న ఇంటికి ఇదే మంచిది" అని రాశాను. వ్యాసంలో నేను సొంతంగా రాసిన వాక్యం అదొక్కటే. మిగతావన్నీ అమ్మేవాళ్ల మాటలను అటూ ఇటూ తిప్పినవి.

వారం తర్వాత ఆ వ్యాసం కింద ఒకావిడ ప్రశ్న పెట్టింది. "మా పాపకు మెరిసే లైట్లు చూస్తే ఫిట్స్ వస్తాయి. మా ఆయన పుట్టినరోజుకు మూడోది కొందామనుకుంటున్నాను. అది నిలకడగా వెలుగుతుందా, శబ్దంతోపాటు మెరుస్తుందా? మీ దగ్గర ఉంది కదా, ఒకసారి వేసి చూసి చెబుతారా?"

నా దగ్గర ఉంది కదా! అమ్మే కంపెనీ పేజీలో వెతికాను. రంగులు పదహారు అని ఉంది, మెరుపు గురించి ఒక్క ముక్క లేదు. పాపకు అన్నం కలిపిన గిన్నె చేతిలోనే ఉండిపోయింది.

"ఏందే, పిల్ల నోరు తెరిసి కూసున్నది, నువ్వు ఫోన్ల మొకం వెట్టినవు," అంది మా అత్త.

"ఒక పిల్లకు ఫిట్స్ అంట అత్తమ్మా."

"ఎవరి పిల్లకు?"

"అమెరికా పిల్లకు."

"మనూరు పిల్లల ఫికర్ అయిపోయిందా ఇగ? మొన్న మన పిల్ల చలికి వణికితెనే ఫిట్స్ అని దవాఖానకు ఉరికినవు. డాక్టరు నీకు బీపీ చూసి పంపిండు."

నిజమే. పాపను పక్కన కూర్చోబెట్టి నాకు బీపీ చూశాడు. ఆరోజు ఆయన మొహంలో నవ్వు ఆపుకోవడం నాకు కనిపించింది. కానీ ఆ దవాఖాన బల్లమీద పాప ఊపిరిని లెక్కపెడుతూ కూర్చోవడం నాకు గుర్తుంది. ఈ పిల్లకు వచ్చేవి నిజం ఫిట్స్. ఆమె తల్లి నన్ను నమ్మి అడిగింది.

మర్నాడు పొద్దున పాపను ఎత్తుకుని బస్టాండు దగ్గర ఆటోలకు స్పీకర్లు, లైట్లు బిగించే అతని దగ్గరికి వెళ్లాను. ఝరాసంగం వెళ్లే షేర్ ఆటోలు ఊరంతా వినిపించడం, కనిపించడం ఇతని చలవే. ఫోన్‌లో కిట్ ఫోటో చూపించాను.

"ఏ బండికక్కా?"

"బండికి కాదన్నా. ఆట మిషన్‌కు. అమెరికాల."

"గంత దూరంల నీదేమున్నదక్కా?"

"సలహా ఇచ్చిన."

అతను నన్ను, పాపను ఒకసారి చూసి, ఫోటోను వేళ్లతో పెద్దది చేశాడు. "ఎర్రది, నల్లది కరెంటుకు. గీ సన్నయి రెండు చూసినవా? ఇవి స్పీకర్‌కు వోతయి. పాట దుంకితె లైటు దుంకుతది."

"ఆ రెండు తగిలియ్యకపోతే?"

"ఆగొచ్చు. ఆగకపోవచ్చు. చేతికి రాకుంట ఎట్ల జెప్త?"

ఈ పద్ధతి తాతగారికి ఎవరూ నేర్పినట్టు లేదు.

ఫిట్స్ సంగతి చెప్పాను. అతను ఫోన్ తిరిగి ఇచ్చేశాడు. "అయితె వద్దని జెప్పక్కా. లైటు లేకుంటె పాట వినవడదా ఏంది?"

తిరిగి వచ్చే ఆటోలోంచే మా మేనేజర్‌కు ఫోన్ చేశాను. నాకంటే చిన్నవాడు, హైదరాబాద్‌లో ఉంటాడు. 'పిల్లలున్న ఇంటికి' అన్న వాక్యం తీసేద్దామన్నాను.

"వద్దు మేడమ్. అందరూ మూడోదాని లింకే నొక్కి కొంటున్నారు, మన కమీషన్ దాని మీదే. 'అవును, చాలా బాగుంటుంది' అని పెట్టేయండి."

"అది మెరుస్తుందట."

"ఎవరన్నారు?"

"ఆటోలకు లైట్లు బిగించే ఆయన."

"మేడమ్, మీరు రెస్ట్ తీసుకోండి," అన్నాడు.

రెస్ట్ తీసుకోలేదు. ఇంటికి రాగానే వ్యాసంలో ఆ వాక్యం తీసేశాను. తర్వాత తాతగారి గడ్డం వెనక నుంచే ఆవిడకు రాశాను. "ఈ కిట్లలో దేన్నీ నేను చూడలేదు. మా ఇంట్లో యంత్రమూ లేదు. ఫోటోలు చూసి రాశాను, అది తప్పు. లైట్లు బిగించే ఒకరికి చూపిస్తే, మూడోది శబ్దంతోపాటు మెరిసే రకంలా ఉందన్నారు. దయచేసి కొనకండి. మిగతావాటి గురించి కూడా నా మాట నమ్మకండి. అమ్మేవాళ్లను రాతపూర్వకంగా అడిగి, మీ డాక్టరుకు చూపించండి."

గంటలోపే నా జవాబు మాయమైంది. తీసేసిన వాక్యం తిరిగి వచ్చింది. అయినా అక్కడ ఎవరైనా బదులిస్తే నా మెయిల్‌కు కబురు వచ్చే ఏర్పాటు ఒకటి ఉంది, దాన్ని ఆపడం మా మేనేజర్ మర్చిపోయాడు. సాయంత్రం ఆ కబురు వచ్చింది. నా జవాబు మాయమయ్యేలోపే ఆవిడ చదివింది.

"కొనను. చెప్పినందుకు చాలా థాంక్స్. మీ పిల్లకు ఎన్నేళ్లు?"

పిల్ల ఉందని నేనెక్కడా రాయలేదు. మెయిల్‌లో ఉన్న నా జవాబును పైకీ కిందికీ రెండుసార్లు చదివాను. మూడేళ్లు అని చెబుదామని సైటు తెరిచాను. ఇందాక పనిచేసిన పాస్‌వర్డే తప్పు అంది. ఇంకోసారి కొట్టాను, నెమ్మదిగా, ఒక్కో అక్షరం చూసుకుంటూ. మళ్లీ తప్పే అంది.