మెల్లగా వచ్చిన బస్సు

మా ఆయనను రోడ్డు పక్క నుంచి ఎత్తి బస్సులో ఆసుపత్రికి చేర్చినందుకు డ్రైవరుకూ కండక్టరుకూ ధర్మవరంలో సన్మానం చేస్తున్నారని ఫోన్ వచ్చింది. నేను వెళ్లి రెండు మాటలు మాట్లాడాలట. పోవద్దమ్మా అంది నా కూతురు. నేను మాట్లాడటానికి పోలేదు. ఒక్క సంగతి అడగడానికి పోయాను. చివర్లో ఆయన ఏమైనా అన్నాడా అని.

ఆయన ధర్మవరం మగ్గాల వాళ్లకు పట్టునూలు ఇచ్చి, బండి మీద హిందూపురం తిరిగి వస్తూ చెన్నేకొత్తపల్లి దగ్గర పడిపోయాడు. చుట్టుపక్కల ఇల్లన్నది లేని చోటు. ఏదో లారీ తగిలించి, ఆగకుండా పోయింది. వెనక వస్తున్న బస్సు ఆగింది. ఆయనను ఎక్కించుకుని, మధ్యలో ఎవరినీ దించకుండా నేరుగా పెనుకొండకు తెచ్చారు. నేను హిందూపురం నుంచి వెళ్లేసరికి ముఖం మీద గుడ్డ కప్పేసి ఉంది.

సన్మానానికి బెలూన్లు కట్టారు. ఎందుకో నాకు తెలియదు. వేదిక మీద ఒక పెద్దమనిషి మైకు పట్టుకుని, వీళ్లిద్దరూ ఒక నిండు ప్రాణాన్ని నిలబెట్టారన్నాడు. పక్కనున్నవాళ్లు చొక్కా లాగినా ఇంకోసారి అన్నాడు. మామూలుగా అయితే ఆపాటికి లేచి నిలబడి ఉండేదాన్ని. కూరగాయల తూకం దగ్గర్నుంచి కరెంటు ఆఫీసు దాకా నేను గొడవ పడని చోటు లేదు. ఆ రోజు మాత్రం పైన తిరగని ఫ్యాను చూస్తూ కూర్చున్నాను. దాని రెక్క ఒకటి రంగు పోయి ఉంది.

కండక్టరు ఆడమనిషి, ఇంచుమించు నా వయసుది. తన పిలుపు రాకముందే వచ్చి నా పక్క కుర్చీలో కూర్చుంది.

"ఆయన ఏమన్నా మాట్లాడినాడా?" అన్నాను. నమస్కారం కూడా పెట్టలేదు.

"మాట్లాడినాడక్కా. నీ గురించే."

"ఏమని?"

ఆమె కొంగు సర్దుకుంది. "మా ఇంటామె వస్తాది, వచ్చినంక మీతో జగడం పెట్టుకుంటాది, ఏమీ అనుకోవద్దండి అన్నాడు. ఇంత మెల్లగా ఎందుకు తెచ్చినారని మొదలు పెడతాది, బదులు చెప్పినారంటే పొద్దుగూకే దాకా ఇడవదు అన్నాడు."

"నవ్వినాడా?"

"నవ్వబోయినాడు. నొప్పి లేసింది." ఆమె వేదిక వైపు చూసింది. "మా డ్రైవరు తిట్లు తిందామని ఆస్పత్రి వరండాలోనే నిలబడి ఉన్నాడక్కా. నువ్వొచ్చి ఒక్క మాటన్నా అనకపోతివి. మాకు అప్పుడు ఇంకా భయమాయ."

ఏడుపు వస్తుందేమో అనుకున్నాను. రాలేదు.

నన్ను పిలిచి మైకు చేతికిచ్చారు. కృతజ్ఞతలు అనే మాట ఇంటి దగ్గరే అనుకుని వచ్చాను. డ్రైవరు ఆ ఎండాకాలంలో శాలువా కప్పుకుని, చెమటలు కక్కుతూ నిలబడి ఉన్నాడు. అతని వైపు తిరిగాను.

"ఏమప్పా, అంత మెల్లగా ఎందుకు తెచ్చినావు?"

మైకు తీసుకోవడానికి ఎవరో చేయి చాపారు. డ్రైవరు మాత్రం, ఇన్నాళ్లూ ఆ మాట కోసమే కాచుకుని ఉన్నవాడిలా చేతులు కట్టుకున్నాడు.

"గుంతల్లో పడినప్పుడల్లా నొప్పి అంటాండె. ఆయప్పే మెల్లగా పోనియ్యమన్నాడక్కా."

"ఆయన చెప్తే నువ్వు వినేయాల్నా? నేను ఎన్నడన్నా విన్నానా?"

"వినకుండా తోలుంటే బాగుండునేమో," అన్నాడు. "దినామూ అదే అనుకుంటాండా."

ఇంకో రోజైతే ఆ మాటే పట్టుకుని ఇంకా గొడవ పడేదాన్ని.

"నొప్పి అంటే ఏం చేస్తావులేప్పా," అన్నాను. మైకు నోటి దగ్గరే ఉన్నందువల్ల అది అందరికీ వినబడింది. అతని భుజం మీద శాలువా జారిపోతుంటే పైకి లాగి, దిగి వచ్చి కండక్టరు పక్కనే కూర్చున్నాను.